బోల్ట్ యాక్షన్ వేట రైఫిలు మారు గొట్టం

మారు గొట్టం అనగా బోల్ట్ యాక్షన్ వేట రైఫిలుకు మొదట అమర్చిన గొట్టం (బ్యారెల్) అరిగిపోయినపుడు గాని, తుప్పు పట్టి చెడిపోయినపుడు గాని, యజమాని వేరొక తూటాను వాడదలచినపుడు గాని దాని స్థానంలో బిగించే కొత్త గొట్టం. ఇటువంటి రైఫిలులోని మిగిలిన ఉక్కు భాగాలు సరిగా కాపాడుకుంటే రెండు మూడు తరాలు పనిచేస్తాయి. గొట్టం మాత్రం పేల్చిన ప్రతి తూటాతోనూ కొద్దికొద్దిగా అరుగుతుంది. అందువలన వేట చట్టబద్ధంగా సాగే ఉత్తర అమెరికా, ఐరోపా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలో గొట్టం మార్చడం తుపాకీ పనివారికి మామూలు పని.

ఎంపికలో ప్రధానంగా చూడవలసిన విషయాలు ఏడు: తూటా, మెలిక, పొడవు, మందం, లోహం, గాడులు తీసిన పద్ధతి, రిసీవరుతో అమరిక. వీటిలో కొన్ని సౌకర్యానికి, ఖర్చుకు సంబంధించినవి. తూటా, అమరిక మాత్రం కాల్చేవాని కంటికి, ప్రాణానికి సంబంధించినవి.

గొట్టం నిర్మాణం

తూటా అనగా ఇత్తడి తొడుగు, అందులోని మందు, అడుగున ఉండే ప్రైమరు, కొసన బిగించిన గుండు - ఈ నాలుగూ కలిసిన మొత్తం. గొట్టం వెనుక భాగంలో తూటా పట్టేటట్లు తొలిచిన ఖాళీని చాంబరు అంటారు. దాని ముందున్న చిన్న భాగాన్ని గొంతు అంటారు. గొంతు దాటిన తరువాత మూతి వరకు లోపలి గోడపై మెలి తిరిగిన గాడులు ఉంటాయి. రెండు గాడుల మధ్య మిగిలిన ఎత్తైన భాగాన్ని గట్టు అంటారు. గుండు ఈ గట్లలోకి ఒరుసుకొని, వాటి వెంబడి తిరుగుతూ ముందుకు పోతుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలిచినట్లే తిరిగే గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా సూటిగా పోతుంది.

గొట్టం వెనుక కొన మరలతో రిసీవరులోకి బిగుస్తుంది. రిసీవరులో ముందుకు వెనుకకు కదిలే బోల్టు తూటాను చాంబరులోకి నెట్టి, తన లగ్గులతో తాళం వేసినట్లు బిగుసుకుంటుంది. పేలిన క్షణంలో చాంబరులో పుట్టే పీడనం చాలా ఎక్కువ. .308 వించెస్టర్ తూటాకు అమెరికా ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ ఒత్తిడిని గొట్టం, బోల్టు, ఇత్తడి తొడుగు మూడూ కలిసి ఆపవలసి ఉంటుంది.

గొట్టం అరగడానికి కారణాలు

గుండు రాపిడి వలననే గొట్టం అరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ నష్టం వేడి వలన కలుగుతుంది. మండుతున్న మందు నుండి వచ్చే వాయువులు, ఇంకా పూర్తిగా మండని మందు కణాలు గొంతు భాగాన్ని తాకి, అక్కడి ఉక్కుపై ఎండిన చెరువు అడుగులోని నెర్రెల వంటి సన్నని పగుళ్ళను కలిగిస్తాయి. క్రమంగా గట్ల మొదళ్ళు కరిగి, గొంతు ముందుకు జరుగుతుంది. గుండు గట్లను తాకే లోపల ఎక్కువ దూరం ఆధారం లేకుండా పోవలసి వస్తుంది గనుక గురి చెదురుతుంది.

సన్నని రంధ్రం గుండా ఎక్కువ మందు మండే తూటాలు గొట్టాన్ని త్వరగా తింటాయి. .308 వించెస్టర్ గొట్టం సుమారు 5,000 తూటాల వరకు మంచి గురి నిలుపుకోగలదు. అదే తొడుగు మూతిని కుదించి చేసిన .243 వించెస్టర్ గొట్టం సుమారు 2,000 తూటాలకే అలసిపోవచ్చును. .264 వించెస్టర్ మాగ్నమ్ వంటివి ఇంకా ముందే అరుగుతాయి. గొట్టం చల్లారనీయకుండా వెంటవెంటనే కాల్చడం వలన ఈ సంఖ్యలు మరింత తగ్గుతాయి.

అయితే వేటగాడు సాలీనా కాల్చే తూటాలు తక్కువ. అభ్యాసంతో కలిపి ఏడాదికి 40 తూటాలు పేల్చేవానికి 2,000 తూటాల ఆయువు గల గొట్టం 50 ఏళ్ళు వస్తుంది. కావున వేట రైఫిళ్ళ గొట్టాలు అరుగుదల కన్న తుప్పు వలన, తప్పుగా శుభ్రం చేయడం వలన, మూతికి దెబ్బ తగలడం వలన ఎక్కువగా చెడుతుంటాయి. పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేటు ఉండేది. దాని నుండి మిగిలే లవణం గాలిలోని తేమను పీల్చి, వెంటనే కడగని గొట్టాన్ని లోపల తుప్పు పట్టిస్తుంది. అటువంటి తూటాలు పేల్చిన పాత మౌజర్ రైఫిళ్ళకు మారు గొట్టం అవసరం కావడం తరచు కనిపిస్తుంది.

మార్చడానికి ముందు చూడవలసినవి

గురి తప్పిన ప్రతి రైఫిలుకు కొత్త గొట్టం అక్కరలేదు. గొట్టం ఖర్చుకు తుపాకీ పనివాని కూలి తోడై మొత్తం పెద్దదే అవుతుంది గనుక ముందుగా తేలిక కారణాలను తొలగించుకోవాలి.

మొదటిది, టెలిస్కోపును పట్టి ఉంచే రింగులు, రిసీవరును స్టాకుకు బిగించే మరలు వదులుగా ఉన్నాయేమో చూడాలి. రెండవది, గాడులలో పేరుకున్న రాగి మురికిని పూర్తిగా తొలగించి మళ్ళీ కాల్చి చూడాలి. మూడవది, కొయ్య స్టాకు వానకు ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టుతున్నదేమో చూడాలి. స్టాకుకు, గొట్టానికి మధ్య కాగితం ముక్క అడ్డం లేకుండా జారితే ఆ భయం లేదు. నాలుగవది, మూతి అంచుకు (క్రౌన్) నొక్కు పడి ఉంటే ఆ అంచును మళ్ళీ కోయించడంతోనే పని తీరవచ్చును. ఐదవది, గొంతు మాత్రమే అరిగి మిగిలిన గాడులు బాగుంటే, గొట్టాన్ని వెనుక వైపు కొద్దిగా కోసి, చాంబరును తిరిగి తొలిచి బిగించవచ్చును. ఇవేవీ పనిచేయనపుడు బోర్‌స్కోపు అనే సన్నని దర్శిని ద్వారా లోపలి గోడను పరీక్షించి, మార్పు అవసరమని నిర్ణయిస్తారు.

తూటా ఎంపిక

పాత గొట్టం ఏ తూటాకు తయారైనదో అదే తూటాకు మారు గొట్టం తీసుకోవడం అన్నిటికంటె సులభం. వేరొక తూటాకు మారదలచినవారు మూడు కొలతలు చూడాలి.

మొదటిది బోల్టు ముఖం. తూటా అడుగు అంచు బోల్టు ముఖంలోని పల్లెంలో అమరాలి. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .270 వించెస్టర్, .308 వించెస్టర్, .243 వించెస్టర్, 6.5 క్రీడ్‌మూర్ తూటాలన్నిటికీ అడుగు అంచు వ్యాసం ఒకటే, 0.473 అంగుళం. కనుక వీటిలో ఒకదాని నుండి మరొకదానికి మారినపుడు బోల్టు మార్చనవసరం లేదు. 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్, .300 వించెస్టర్ మాగ్నమ్ తూటాల అంచు వ్యాసం 0.532 అంగుళం. వాటికి వేరే బోల్టు గాని, బోల్టు ముఖం మార్పు గాని అవసరం.

రెండవది యాక్షన్ పొడవు. .308 వించెస్టర్ కుటుంబం పొట్టి యాక్షన్‌కు సరిపోతుంది. .30-06 కుటుంబానికి పొడవైన యాక్షన్ కావాలి. పొట్టి యాక్షన్‌లో పొడవు తూటా పట్టదు. మూడవది మ్యాగజైను. గొట్టం సరిపోయినా, మ్యాగజైను నుండి తూటా సాఫీగా చాంబరులోకి ఎక్కకపోతే ఆ రైఫిలు వేటకు పనికిరాదు.

పాత ఐరోపా రైఫిళ్ళ విషయంలో మరొక జాగ్రత్త కావాలి. 1888 నాటి జర్మను సైనిక తూటా గుండు వ్యాసం 0.318 అంగుళం. 1905 లో వచ్చిన కొత్త తూటా గుండు వ్యాసం 0.323 అంగుళం. రెండింటి తొడుగు దాదాపు ఒకటే కావడంతో పాత గొట్టంలో కొత్త తూటా పేల్చే ప్రమాదం ఏర్పడింది. లావు గుండు సన్న గొట్టంలో ఇరుకుగా పోతే పీడనం అపాయకరంగా పెరుగుతుంది. ఈ కారణం చేతనే అమెరికా తయారీదారులు 8 మి.మీ. మౌజర్ తూటాలను తక్కువ పీడనానికే నింపుతారు. మారు గొట్టం ఏ తూటాకు తొలిచినదో దానిపై స్పష్టంగా చెక్కించడం తప్పనిసరి. రైఫిలు చేతులు మారినపుడు తరువాతి యజమానికి ఆ అక్షరాలే ఆధారం.

మెలిక

గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవును మెలిక అంటారు. 10 అంగుళాలలో ఒక చుట్టు తిరిగితే 1:10 అని వ్రాస్తారు. రెండవ సంఖ్య చిన్నదైన కొద్దీ మెలిక వేగం ఎక్కువ. 1:10 మెలిక గల గొట్టం నుండి సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెలువడిన గుండు సెకనుకు 3,240 చుట్లు, అనగా నిమిషానికి సుమారు 1,94,000 చుట్లు తిరుగుతుంది.

ఎంత మెలిక కావాలన్నది ముఖ్యంగా గుండు పొడవుపై ఆధారపడుతుంది. గుండు బరువును బట్టి మెలిక ఎంచుకోవడం వాడుకలో ఉన్నా, ఒకే వ్యాసంలో బరువైన గుండు పొడవుగా ఉంటుంది గనుక ఆ లెక్క పనిచేస్తుందని గ్రహించాలి. ఆంగ్ల గణిత శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జార్జి గ్రీన్‌హిల్ 1879 లో ఇందుకు ఒక సులభ సూత్రాన్ని ఇచ్చాడు. గుండు వ్యాసాన్ని అంగుళాలలో వర్గం చేసి, 150 తో గుణించి, గుండు పొడవుతో భాగిస్తే కావలసిన మెలిక అంగుళాలలో వస్తుంది. ఉదాహరణకు 0.308 అంగుళం వ్యాసం, 1.25 అంగుళాల పొడవు గల గుండుకు ఈ లెక్క సుమారు 11.4 ఇస్తుంది. కనుక 1:11 గాని, 1:10 గాని సరిపోతుంది. అదే వ్యాసంలో 1.5 అంగుళాల పొడవు గల గుండుకు 9.5 వస్తుంది. దానికి 1:9 గొట్టం మేలు. ఈ సూత్రం సీసపు గుండ్లకు అంచనా మాత్రమే. గుండు తయారీదారు సూచించిన మెలికను అనుసరించడం మంచిది.

మెలికను తప్పుగా ఎంచుకుంటే ఎంత నష్టమో చెప్పడానికి 1955 నాటి ఉదంతం ప్రసిద్ధమైనది. ఆ ఏడాది అమెరికాలో ఒకే వ్యాసం గల రెండు తూటాలు వెలువడ్డాయి. వించెస్టర్ సంస్థ .243 తూటాకు 1:10 మెలిక పెట్టగా, రెమింగ్టన్ సంస్థ .244 తూటాకు 1:12 మెలిక పెట్టింది. రెమింగ్టన్ వారి ఉద్దేశంలో అది ముఖ్యంగా చిన్న జంతువులకు వాడే తేలిక గుండ్ల తూటా. కొనేవారు మాత్రం ఒకే రైఫిలుతో జింకలను కూడా వేటాడాలని కోరుకున్నారు. వించెస్టర్ గొట్టం 100 గ్రెయిన్ల గుండును నిలకడగా పంపగా, రెమింగ్టన్ గొట్టం ఆ బరువు గల పొడవైన గుండ్లతో నమ్మదగినది కాదనే పేరు వచ్చింది. 1963 లో రెమింగ్టన్ అదే తూటాకు 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చి, 1:9 మెలికతో అమ్మింది. తూటాగా అది ఏ విధంగానూ తీసిపోనిది అయినా, అప్పటికే మార్కెట్టు .243 పక్షమైపోయింది.

సీసం లేని గుండ్ల వలన ఈ విషయానికి ఇటీవల మరింత ప్రాముఖ్యం వచ్చింది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగి సాంద్రత 8.96 గ్రాములు. కనుక అదే బరువు గల రాగి గుండు మరింత పొడవుగా ఉంటుంది, దానికి వేగమైన మెలిక కావాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2019 జూలై 1 నుండి వేట అంతటికీ సీసం లేని గుండ్లనే వాడాలి. వేట మాంసంలో, విడిచిన కళేబరాలలో మిగిలే సీసపు తునకలు కాండర్ వంటి రాబందులకు విషమవుతాయన్నది ఈ నియమానికి మూలం. నేడు మారు గొట్టం కొనేవారు అనుమానం ఉన్నచోట వేగమైన మెలిక వైపు మొగ్గడం వివేకం. కొంచెం ఎక్కువ మెలిక వలన వేటలో కలిగే నష్టం స్వల్పం. తక్కువ మెలిక వలన గుండు అడ్డంగా తిరిగి, జంతువు గాయపడి తప్పించుకుపోయే ప్రమాదం ఉంది.

పొడవు

గొట్టం పొడవు పెరిగితే వాయువులు గుండును ఎక్కువ సేపు నెట్టుతాయి, వేగం పెరుగుతుంది. సాధారణ తూటాలలో ఒక అంగుళానికి సెకనుకు సుమారు 20 నుండి 30 అడుగుల తేడా వస్తుంది. మాగ్నమ్ తూటాలలో తేడా ఇంకా ఎక్కువ. 24 అంగుళాల గొట్టానికి బదులు 20 అంగుళాలది తీసుకుంటే సుమారు 100 అడుగుల వేగం తగ్గుతుంది. దట్టమైన అడవిలో దగ్గర నుండి కాల్చేవానికి ఇది లెక్కలోనిది కాదు. పొట్టి గొట్టం చెట్ల మధ్య త్రిప్పడానికి అనువు. అయితే దాని పేలుడు ధ్వని చెవికి మరింత దగ్గరగా, కఠినంగా ఉంటుంది. సాధారణ తూటాలకు 20 నుండి 24 అంగుళాలు, మాగ్నమ్ తూటాలకు 24 నుండి 26 అంగుళాలు వాడుకలో ఉన్నాయి.

కొన్ని చోట్ల చట్టం కూడా పొడవును పరోక్షంగా నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం ప్రకారం పెద్ద జాతుల జింకలకు వాడే రైఫిలు వ్యాసం 0.240 అంగుళానికి, మూతి వద్ద శక్తి 1,700 అడుగు-పౌండ్లకు తగ్గరాదు. 100 గ్రెయిన్ల గుండు ఆ శక్తిని అందుకోవాలంటే సెకనుకు సుమారు 2,770 అడుగుల వేగం కావాలి. .243 వంటి తూటాకు గొట్టం మరీ పొట్టిదైతే ఈ హద్దు తప్పవచ్చును.

మందం, బరువు

వేట గొట్టం వెనుక లావుగా ఉండి మూతి వైపు సన్నబడుతుంది. మూతి వద్ద సుమారు 0.6 అంగుళం ఉన్న తేలిక గొట్టాలను స్పోర్టర్ రకమని, అంతకంటె లావైన వాటిని వార్మింట్ రకమని పిలుస్తారు. లెక్క కట్టి చూస్తే, .30 వ్యాసపు గొట్టంలో మూతి వద్ద ఒక అంగుళం ముక్క 0.6 అంగుళం మందంలో సుమారు 27 గ్రాములు, 0.9 అంగుళం మందంలో సుమారు 73 గ్రాములు తూగుతుంది. రోజంతా కొండలెక్కి తిరిగేవానికి ఈ తేడా భుజం మీద తెలుస్తుంది.

లావు గొట్టం నిదానంగా వేడెక్కుతుంది, తక్కువగా వంగుతుంది. సన్న గొట్టం మూడు నాలుగు తూటాలకే వేడెక్కి గురి జరగవచ్చును. కాని వేటలో ముఖ్యమైనది చల్లని గొట్టం నుండి వచ్చే మొదటి తూటా. అందువలన జాగ్రత్తగా చేసిన సన్న గొట్టం వేటకు చాలును. సన్నని ఉక్కు గొట్టంపై కార్బన్ నారను చుట్టి, తక్కువ బరువులో బిగువు సాధించిన రకాలు కూడా దొరుకుతున్నాయి. వాటి వెల ఎక్కువ. గొట్టం మందం మారినపుడు స్టాకులోని కాలువను కూడా దానికి తగినట్లు వెడల్పు చేయించాలి.

లోహం, గాడులు తీసే పద్ధతులు

గొట్టాలకు ముఖ్యంగా రెండు రకాల ఉక్కు వాడతారు. 4140 వంటి క్రోమియం-మాలిబ్డినమ్ ఉక్కు గట్టిది, వెల తక్కువ, నీలి నలుపు పూతను బాగా పడుతుంది, కాని తుప్పుకు లొంగుతుంది. 416 రకపు స్టెయిన్‌లెస్ ఉక్కు తేమను బాగా తట్టుకుంటుంది, యంత్రంపై నునుపుగా తెగుతుంది. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలే పట్టదని అర్థం కాదు. సముద్ర తీరంలో దానికి కూడా నూనె అవసరమే.

గాడులు తీయడానికి నాలుగు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. ఒకే పంటితో ఒక్కొక్క గాడిని కొద్దికొద్దిగా కోయడం అన్నిటికంటె పాతది, నిదానమైనది. క్రీగర్, బార్ట్‌లైన్ సంస్థలు దీనికి పేరు పొందినవి. గట్టి కార్బైడు గుండీని రంధ్రం గుండా లాగి, లోహాన్ని నొక్కి గాడులు ఏర్పరచడం గుండీ పద్ధతి. షైలెన్, లిల్జా సంస్థలు దీనిని వాడతాయి. అనేక పళ్ళు గల పొడవైన పరికరంతో అన్ని గాడులను ఒకేసారి కోయడం బ్రోచి పద్ధతి. గాడుల ఆకారం చెక్కిన కడ్డీపై ఉక్కును సుత్తులతో సాగగొట్టడం నాలుగవది. ఇది జర్మనీలో రూపొంది, నేడు పెద్ద కర్మాగారాలలో విస్తృతంగా వాడుకలో ఉంది. ఆస్ట్రియాకు చెందిన స్టైయర్ మాన్లిషర్ గొట్టాలపై ఆ సుత్తి దెబ్బల మెలి జాడలు పైకే కనిపిస్తాయి. ఈ నాలుగింటిలో ఏ పద్ధతి ద్వారానైనా మంచి గొట్టం చేయవచ్చును. పద్ధతి పేరు కంటె, లోపలి వ్యాసం ఈ కొన నుండి ఆ కొనకు సమంగా ఉండడం ముఖ్యం.

రిసీవరుతో అమరిక

మారు గొట్టాలు మూడు రూపాలలో లభిస్తాయి. గాడులు మాత్రమే తీసిన కడ్డీ రూపం మొదటిది. చాంబరు, మరలు, బయటి ఆకారం అన్నీ తుపాకీ పనివాడు ఆ రైఫిలుకే కొలిచి చేస్తాడు. ఖర్చు ఎక్కువైనా అమరిక ఉత్తమంగా ఉంటుంది. చాంబరును కావాలని కొంచెం తక్కువ లోతుకు తొలిచి అమ్మేది రెండవ రూపం. చివరి కోత బిగించిన తరువాత పూర్తి చేస్తారు. పాత మౌజర్ 98 రైఫిళ్ళకు ఇవి ఎక్కువగా దొరుకుతాయి. మూడవది పూర్తిగా సిద్ధమైన గొట్టం. 1958 లో వచ్చిన సావేజ్ 110 రైఫిలులో గొట్టాన్ని ఒక నట్టు పట్టి ఉంచుతుంది గనుక సిద్ధ గొట్టాలకు అది బాగా అనువైనది. 1962 లో వచ్చిన రెమింగ్టన్ 700 లో గొట్టపు భుజం, రిసీవరుల మధ్య లగ్గు ఒక పలక వలె నిలుస్తుంది గనుక కొలత మరింత ఖచ్చితంగా ఉండాలి. ఒక్కొక్క సంస్థ మరల కొలత వేరు. ఒకదాని గొట్టం మరొకదానికి పట్టదు. జర్మనీకి చెందిన బ్లేజర్ ఆర్8 వంటి కొన్ని రైఫిళ్ళలో యజమానియే గొట్టం మార్చుకొనే ఏర్పాటు కర్మాగారంలోనే ఉంటుంది.

హెడ్‌స్పేస్

మూసిన బోల్టు ముఖానికి, చాంబరులో తూటాను ఆపే చోటుకు మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఇది తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే పేలినపుడు ఇత్తడి తొడుగు సాగి, అడుగు దగ్గర తెగిపోవచ్చును. అపుడు మండే వాయువులు బోల్టు పక్కల నుండి వెనుకకు, కాల్చేవాని ముఖం మీదికి వస్తాయి. గొట్టం మార్పిడిలో అత్యంత ముఖ్యమైన పరీక్ష ఇదే.

ఇందుకు ఉక్కుతో చేసిన రెండు కొలత దిమ్మలను వాడతారు. 'గో' దిమ్మపై బోల్టు పూర్తిగా మూసుకోవాలి. 'నో-గో' దిమ్మపై మూసుకోరాదు. కొత్త గొట్టం బిగించిన ప్రతిసారి, బోల్టు మార్చిన ప్రతిసారి ఈ పరీక్ష జరగాలి. సిద్ధ గొట్టమైనా దీనికి మినహాయింపు లేదు. బ్రిటనులో కొత్త గొట్టం వేసిన తుపాకీని లండను లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసులో అధిక పీడనపు తూటాతో పరీక్షించి ముద్ర వేయించాలి. అమెరికాలో అటువంటి ప్రభుత్వ పరీక్ష లేదు గనుక పనివాని నైపుణ్యమే రక్ష.

చట్టాలు

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తుపాకీగా లెక్కలోకి వచ్చే భాగం క్రమసంఖ్య గల రిసీవరు. గొట్టం విడి భాగం మాత్రమే. అయితే 16 అంగుళాల కంటె పొట్టి గొట్టం గల రైఫిలు 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం పరిధిలోకి వస్తుంది. బ్రిటనులో, ఐరోపాలోని అనేక దేశాలలో గొట్టం కూడా అనుమతి కావలసిన భాగమే.

భారతదేశంలో వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వలన నిషిద్ధం. మనుషుల ప్రాణాలకు, పంటలకు అపాయం కలిగించే జంతువుల విషయంలో మాత్రం ఆ చట్టం 11వ విభాగం కింద అధికారులు వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. దేశంలో లైసెన్సుదారుల వద్ద కనిపించే బోల్ట్ యాక్షన్ రైఫిలు ముఖ్యంగా పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన .315 బోరుది. అది లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాపై రూపొందినది. 1959 నాటి ఆయుధ చట్టం నిర్వచనంలో ఆయుధాల భాగాలు కూడా ఆయుధాలే. కనుక గొట్టాన్ని విడిగా కొనడానికి, అమ్మడానికి, మార్చడానికి లైసెన్సు నియమాలు వర్తిస్తాయి. లైసెన్సు లేనివారు తుపాకీ బాగుచేయడం 5వ విభాగం ప్రకారం, అనుమతి లేకుండా గొట్టాన్ని కోసి పొట్టి చేయడం 6వ విభాగం ప్రకారం నేరం. గొట్టం చెడిన రైఫిలు గల లైసెన్సుదారు దానిని లైసెన్సు పొందిన ఆయుధ వ్యాపారికి అప్పగించి, లైసెన్సులో వ్రాసిన బోరు మారకుండా పని చేయించుకోవలసి ఉంటుంది.